చింతపండు షెడ్డులో మంచు కబుర్లు

మడకశిర వైపు మాఘమాసం వస్తే చింతకాయ దిగుతుంది. లారీల్లో వచ్చి ఊరి బయట రేకుల షెడ్డులో గుట్టగా పడుతుంది. ఆ గుట్ట ముందు ఆడవాళ్ళు గోనెపట్టాలు పరుచుకుని వరసగా కూర్చుంటారు. పెంకు ఒలవాలి, నార లాగాలి, చిన్న సుత్తెతో కొట్టి గింజ బయటికి తీయాలి. చెప్పడానికి ఎంత సేపు? చేసేవాళ్ళ వేళ్ళనడగండి. పొద్దున పట్టిన పులుపు రాత్రి ముద్ద కలిపేటప్పుడు కూడా మండుతూనే ఉంటుంది.

ఆ షెడ్డుకు ఒక కట్టుబాటు ఉంది. సీజను మొదటిరోజు ఎవరు ఎక్కడ పట్టా పరిస్తే ఆ చోటు కడదాకా వాళ్ళదే. మేస్త్రీ కూడా లేపడానికి వీల్లేదు. అందరికీ కావలసింది తలుపు దగ్గరి చోటు. గాలి అక్కడే, వెలుతురు అక్కడే. వెనక్కి పోయేకొద్దీ రేకుల వేడి, దుమ్ము. ఆ ఏడు కోడి కూయకముందే వచ్చి తలుపు దగ్గర పట్టా పరిచింది ఓబులమ్మ. ఆమెకు గాలీ అక్కర్లేదు, వెలుతురూ అక్కర్లేదు. సిగ్నలు కావాలి. ఆ రేకుల కింద ఫోను పీనుగతో సమానం. తలుపు పక్కన గోడ గూట్లో పెడితేనే దానికి ప్రాణం లేస్తుంది.

ఫోనులో ఆమె చూసేదేమిటంటే, నవ్వకండి, మంచు ఆటలు. నార్వేలో ఎవరు గెలిచారు, ఆస్ట్రియాలో కొండ మీదినుంచి చెక్కలు కట్టుకుని ఎవరు ఎక్కువ దూరం దూకారు, జపాన్ పిల్లకు ఎన్నో స్థానం. ఏడాదంతా వాన కోసం ఆకాశం వంక చూసి మెడలు నొప్పి పుట్టే నేల మీద, గడ్డకట్టిన నీళ్ళ మీద జారే వాళ్ళ లెక్కలు ఈమెకు.

ఇదెట్లా మొదలైందో కూడా చెప్పాలి. మొగుడు రామాంజి చనిపోయిన ఏడాది ఓబులమ్మ మాట్లాడడం మానేసింది. షెడ్డుకు రావడం, సుత్తె కొట్టడం, పోవడం. ఎండాకాలం ఒకనాడు జ్వరంతో పడుకుంటే పక్కింటి మహేశ్వరి తీసుకుపోయి తన టీవీ ముందు చాపేసింది. అందులో ఎప్పటివో మంచు ఆటలు మళ్ళీ వేస్తున్నారు. ఒంటి మీద జ్వరం, బయట నిప్పులు చెరిగే ఎండ, కళ్ళ ముందు తెల్లగా మంచు. చూస్తుంటే చల్లగా అనిపించింది, అంతే. చల్లదనం కోసం చూసిన మనిషికి మెల్లగా ఎవరు గెలుస్తారో కూడా కావలసి వచ్చింది. తర్వాత షెడ్డులో ఒక పొద్దున, ఎవరూ అడగకుండానే నోరు విప్పింది.

"నీళ్ళు మే అవి! వట్టి నీళ్ళు! మనం బిందె నీళ్ళకు కొట్టుకు సస్తాంటే, ఆడ నేలమీద పరుచుకోని దాని మీద ఆడుకుంటాండారు. ఇంతన్యాయమేమన్నా ఉండాదా చెప్పు!"

షెడ్డంతా నవ్వింది. అంతకాలం తర్వాత ఓబులమ్మ కూడా నవ్వింది. ఆ రోజు నుంచి సుత్తెల చప్పుడు మధ్యన ఆమె గొంతు ఆగలేదు. అందరూ అలవాటు పడ్డారు, ఒక్క మారెక్క తప్ప.

మారెక్క ఓబులమ్మకంటే పెద్దది. ఆయాసం మనిషి. అబద్ధమాడదు, మాట పడదు, మాట తప్పదు. ఈ మూడూ ఉన్న మనిషి పక్కన కూర్చోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. దుమ్ముకు దగ్గొచ్చినప్పుడల్లా ఆమె చూపు తలుపు వైపే పోయేది.

"మనోళ్ళు ఒగరన్నా ఉండారా ఆ ఆటల్లో?" అందొకరోజు. "లేనప్పుడు నీకెందుకు మే ఆ సోది? పొద్దున లేస్తే నార్వే, నార్వే! నార్వే నీ మేనమామ ఊరా?"

మామూలుగా అయితే ఓబులమ్మ నాలుగంటించేది. ఆ మాట మాత్రం ముల్లులా దిగింది. నిజమే, మంచులో మనవాళ్ళు కనపడడమే అరుదు. సరే, మనవాళ్ళు ఉన్న ఆట ఏదో చూద్దామని వెతికింది. బల్ల మీద చిన్న వల కట్టి, బంతి అటూ ఇటూ కొట్టుకునే టేబుల్ టెన్నిస్ దొరికింది. మన ఆడపిల్లల జట్టు ఎప్పుడూ ఒలింపిక్స్‌కు పోలేదట. ఈసారి పారిస్‌కు పోవచ్చని ఎక్కడో చదివింది. రోజూ చూసింది. చూసి చూసి, రెండు వేల ఇరవై నాలుగు ఫిబ్రవరిలో, కొరియా దేశంలో పెద్ద పోటీలు మొదలయ్యేముందు షెడ్డులో అందరూ వినేటట్టు అనేసింది.

"రాసిపెట్టుకోండి. మన ఆడపిల్లల జట్టు ఈసారి పారిస్‌కు పోతుంది."

"ఉట్టికెగరలేనమ్మ సొర్గానికెగిరినట్లుండాది," అంది మారెక్క. "పోకపోతే?"

"పోకపోతే నువ్వు చెప్పినట్ల వింటా."

"అట్లయితే ఇను. పోకపోతే ఆ తలుపుకాడ చోటు నాకియ్యాల. ఈ షెడ్డులో ఇంగెప్పుడూ ఆ మంచు కతలు, బల్ల కతలు ఎత్తకూడదు. నోరు మూసుకోని పని చేసుకోవాల. గూగూడు కుళ్ళాయస్వామి మీద ఒట్టు."

షెడ్డులో సుత్తెలు ఆగిపోయాయి. చోటు పోతే పోయె. నోరు? రామాంజి పోయినాక మూసిన నోరు, మళ్ళీ ఎంత కష్టపడి తెరుచుకుందో ఓబులమ్మకు తెలుసు. అది మళ్ళీ మూతపడితే ఈసారి తెరుచుకోదేమోనని ఆమెకు భయం వేసింది. భయం వేసిందని వెనక్కి తగ్గే రకమా?

"ఒట్టు," అంది, చెయ్యి చాపి.

కొరియాలో మొదటి పోరు చైనాతో. ఆ ఆటలో చైనా అంటే కొండ. అయినా మన పిల్లలు రెండు ఆటలు గెలిచి కొండను కదిలించారు. చివరికి ఓడినా షెడ్డులో ఆ పూట సుత్తెలు ఈలలు వేసినంత పని చేశాయి. ఆ తర్వాత వరసగా గెలిచారు. చివరి ఎనిమిది జట్లలోకి వస్తే నేరుగా పారిస్‌కు టిక్కెట్టు. ఇంక ఒక్క మెట్టు. ఆ మెట్టు మీద తైవాన్ జట్టు చేతిలో ఓడిపోయారు.

ఫోనులో ఆ వార్త చూసి ఓబులమ్మ ముఖం పాలిపోయింది. దాచలేదు. చదివి వినిపించింది.

మారెక్క లేచి, పట్టా చుట్టి చంకలో పెట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. "లెయ్."

"ఓడినారు, కాదనను. పోరని యాడ తేలింది? ఎనిమిది చోట్లు గెలిచినోళ్ళకు. మిగిలిన చోట్లు ర్యాంకు చూసి ఇస్తారు. ఆ లెక్క ఇంగా తేలలే."

"ఓడిపోయినోళ్ళకు చోటిస్తారా? ఎవరికి చెప్తావు మే?"

"నీకే చెప్తాండా," అంటూ ఓబులమ్మ కూడా లేచి నిలబడింది. "పోయినేడు సీజను కడాన ఎక్కువ పండు కొట్టినోళ్ళకు మేస్త్రీ కోక పెట్టినాడు. ఎవురికి పెట్టినాడు?"

మారెక్క చంకలో పట్టా సర్దుకుంది.

"నీకే కదక్కా. కడా వారం నువ్వు ఆయాసంతో మంచం మీదుండావు. ఆ వారం నీ పేరున రవ్వంత పండు గూడ పడలే. అయినా కోక నీకే ఇచ్చినారు. ఏమని? సీజనంతా కలిపి చూసినారు కాబట్టి. ర్యాంకంటే అదే. నీకు ఒక న్యాయం, ఆ పిల్లలకు ఒక న్యాయమా?"

వరసలో ఎవరో "అవును కదా" అన్నారు. ఎవరో "మాట మారుస్తాంది" అన్నారు. అప్పుడే లోపలికి వచ్చాడు మేస్త్రీ గంగాధరప్ప. మనిషి చెడ్డవాడు కాదు గానీ, ఆడవాళ్ళ నోరు కదిలితే చెయ్యి ఆగుతుందని అతని నమ్మకం.

"ఏమమ్మా, ఏమిది సంత? ఓబులమ్మా, ఒట్టేసినావంట, ఓడినావంట. లేసి యెనక్కి పో. ఇంగ షెడ్డులో ఆ కతలు బంద్."

"కట్టుబాటు ప్రకారం నన్ను లేపేదానికి నీకు అధికారం లేదప్పా."

"నాకు లేదు. ఒట్టుకుండాది."

ఓబులమ్మ మారెక్క వైపు చూసింది. మారెక్క ఆయాసంతో ఒగరుస్తూ, అయినా గడ్డం పైకెత్తి నిలబడి ఉంది. ఓబులమ్మకు కోపం నిలవలేదు, పౌరుషం మాత్రం తగ్గలేదు. తన పట్టా చుట్టేసింది.

"నీకు ఆయాసం. గాలి కావాల. చోటు తీసుకో, ఒట్టు కోసం కాదు, నీ కోసం. నోరు మాత్రం లెక్క తేలేదాకా నాదే. నా ఫోను ఆ గూట్లోనే ఉంటాది. దాన్ని మాత్రం కదిలియ్యద్దు."

"నేను చెప్పేది ఇనపళ్ళేదా?" అన్నాడు గంగాధరప్ప.

"నోరు మా యిష్టం, నువ్వు చేతులు చూడప్పా," అని ఓబులమ్మ షెడ్డు వెనక్కి నడిచింది. సాయంత్రం తూకానికి పెడితే ఆమె పండు ఎప్పటికంటే ఎక్కువే తూగింది. గంగాధరప్ప కాటా ముల్లు వంక చూసి, గోనె పక్కకు లాగాడు.

వెనక ఎంత కష్టమో అక్కడ కూర్చుంటే గానీ తెలియదు. రేకులు పైనుంచి కాలుస్తాయి, దుమ్ము ముక్కులో దిగుతుంది. ఓబులమ్మ అక్కడినుంచే గొంతు పెంచింది. కొత్త వార్తలు లేకపోతే పాతవే చెప్పింది. పడి కాలు విరిగినా మరుసటేడు మళ్ళీ కొండెక్కిన వాళ్ళ గురించి చెప్పింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట" అని ముందు వరసలో ఒకామె ఎత్తిపొడిస్తే, "సోమలింగం పుట్టినాక నీకే చూపిస్తాలే, చక్కెర తెచ్చి పెట్టుకో" అంది. అందరూ నవ్వారు. కానీ మధ్యాహ్నం సద్ది విప్పి సంగటి ముద్ద ఊరిబిండి పచ్చడిలో అద్దేటప్పుడు ర్యాంకు గుర్తొచ్చేది. ఆ లెక్క తేలి, పిల్లలకు చోటు లేదంటే? ఒట్టు ఒట్టే. కుళ్ళాయస్వామి మీద వేసిన మాట. ఆ తర్వాత ఈ షెడ్డులో సుత్తెల చప్పుడే మిగులుతుంది.

ఇక తలుపు దగ్గర మారెక్క కష్టాలు వేరు. గాలి బాగానే వచ్చింది, దగ్గు తగ్గింది. కానీ గూట్లో ఫోను ఉందే, అది గంటగంటకీ చెవి పక్కనే టింగుమంటుంది. మొదట బోర్లా తిప్పి పెట్టింది. తర్వాత మీద గుడ్డ వేసింది. గుడ్డ కింద కూడా టింగుమంది. ఐదు దాకా చదువుకున్న మనిషి, అక్షరం కనపడితే కన్ను ఊరుకుంటుందా? ఒకరోజు గుడ్డ కొంచెం పక్కకు తీసింది. ఇంకోరోజు గుడ్డే కనపడలేదు. వెనకనుంచి ఓబులమ్మ అన్నీ చూస్తూనే ఉంది.

మార్చి మొదట్లో ఒక సోమవారం. షెడ్డు నిండా చింతపెంకుల దుమ్ము. ఫోను టింగుమంది. మారెక్క అలవాటుగా తల తిప్పి చూసింది. ఆమె సుత్తె పైకి లేచి అక్కడే ఆగిపోయింది.

ముందు పక్కామె చూసింది, తర్వాత ఆ వరసంతా చూసింది. ఒక్కొక్క సుత్తే ఆగి, ఆ నిశ్శబ్దం వెనక్కి పాకింది. ఓబులమ్మ సుత్తె కింద పెట్టింది.

"ఏమక్కా?" అంది కూర్చున్నచోటు నుంచే. "ఏమొచ్చింది?"

మారెక్క గూటి వైపు జరిగింది. ఫోను బోర్లా తిప్పితే సరిపోయేది. సాయంత్రం దాకా చోటు తనదే, షెడ్డు నిశ్శబ్దం తనదే. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఫోను గూట్లోంచి తీసి, దూరంగా పట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

"భా...రత మహిళల టేబుల్ టెన్నిస్ జట్టుకు... ర్యాంకు ఆధారంగా... పారిస్ ఒలింపిక్స్ చోటు. ఇదే... మొదటిసారి." ఊపిరి పీల్చుకుంది. "మొగోళ్ళ జట్టుకు గూడ వచ్చిందంట. అది నువ్వు చెప్పలేదే!"

షెడ్డు రేకులు ఎగిరిపోయేటట్టు అరిచారు. చింతపెంకులు గాల్లోకి లేచాయి. ఓబులమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నచోటే ఏడ్చింది. ఆ ఆటగత్తెల పేర్లు కూడా సరిగా పలకడం రాదు, అయినా ఏడ్చింది.

మారెక్క పట్టా చుట్టుకుని, దగ్గుతూ వెనక్కి వచ్చి ఎదురుగా నిలబడింది. "లెయ్ మే. చోటు నీది."

"వద్దులేక్కా. నీకు గాలి కావాల. ఆడనే కూచో."

"ఒట్టు ఒట్టే. ఊరకే తీసుకునేదాన్ని కాదు నేను."

"ఊరకే ఎవరిస్తాండారు?" ఓబులమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఇంగ దినమ్మూ చదివేది నువ్వే. ఈ సీజను అయ్యేదాకా. మంచు ఆటలు గూడ."

అందరూ మారెక్క ముఖమే చూస్తున్నారు. ఆమె గిరుక్కున తిరిగి తలుపు దగ్గరికి పోయి, పట్టా మళ్ళీ పరిచి, ఫోను చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడే గంగాధరప్ప గడపలో ప్రత్యక్షమయ్యాడు.

"మళ్ళీ మొదలైనాయా కతలు? పని చేసేది ఉండాదా లేదా?"

మారెక్క తల కూడా ఎత్తలేదు. "నోరు మా యిష్టం, నువ్వు చేతులు చూడప్పా," అంది. "నా... నార్వేలో జరిగిన... స్కీ..."

"గట్టిగా చదువక్కా!" వెనకనుంచి అరిచింది ఓబులమ్మ. "ఈడికి ఇనపళ్ళే!"