పోతాను కాదు బాబూ

తాడేపల్లిగూడెం స్టేషన్లో బెంచీ మీద నా పక్కన ఒక కొరియా కుర్రాడు కూర్చున్నాడు. కొల్లేరులో గూడబాతుల్ని చూసి వస్తున్నాడు. ప్యాంటు అంచులకి ఇంకా బురద ఉంది. వాళ్ల దేశంలో మగపిల్లలు సైన్యంలో పనిచేసి తీరాలట. ఇంకా చేరనివాళ్లు ఇరవై అయిదేళ్లు వచ్చాక దేశం దాటాలంటే అనుమతి కావాలట. తనకిచ్చిన అనుమతి గడువు అయిపోతోందని, వెళ్లగానే చేరాలని ఇంగ్లీషులో చెప్పాడు. ఆ తర్వాత ఫోనులో నేర్చుకున్న తెలుగులో, “ఎల్లుండి పోతాను అండీ,” అన్నాడు.

చప్పున అతని వైపు తిరిగాను.

“పోతాను అనకూడదు బాబూ. వెళ్లొస్తాను అనాలి.”

అర్థం విడమరిచి చెప్పాను.

“మళ్లీ వస్తానో లేదో తెలియదు కదా?” అన్నాడు ఇంగ్లీషులో.

“తెలియకపోయినా అలాగే అనాలి.”

తలూపి, రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

ఇంతలో నా రైలు వచ్చింది. ఆసుపత్రి కాగితాల సంచి పట్టుకుని, ఏమీ అనకుండా ఎక్కేశాను. అతను కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

“మీరు అనలేదు అండీ!”

పొద్దున ఇంట్లో గడప దాటేటప్పుడు కూడా నా నోట ఆ మాట రాలేదు.

“వెళ్లొస్తాను బాబూ,” అన్నాను.

నాకు ఆపరేషన్ అయ్యాక మళ్లీ అదే స్టేషన్లో దిగాను. ఖాళీగా ఉన్న ఆ బెంచీ వైపు తిరిగి, “వచ్చాను బాబూ,” అన్నాను.