వాటాదారుల క్యాంపుకు వెళ్ళిన దేవసహాయం గారు

మా గురుతుల్యులు కొల్లి దేవసహాయం గారు గత గురువారం దోహాలో గుండెపోటుతో ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. ముషైరిబ్‌లోని మా ఆఫీసులో మీటింగులో ఉండగా ఆ వార్త తెలిసింది. సాయంత్రానికి కంపెనీ సంతాప సందేశం వెలువడింది. "సంస్థకు విధేయుడు" అని కీర్తించారు. అంతటి విధేయుణ్ణి చివరి రెండేళ్ళూ కార్ల ఇన్సూరెన్సు కాగితాల దగ్గర ఎందుకు కూర్చోబెట్టారో మాత్రం రాయలేదు.

జలవిద్యుత్ ప్రాజెక్టుకు వాటాదారుల సొమ్మెంత, అప్పెంత అన్న తూకంలో ఆయన నిష్ణాతులు. "బొగ్గయితే కొనుక్కొస్తాం. నీళ్ళెక్కణ్ణించి కొనుక్కొస్తావయ్యా? ఎండిన ఏడు కూడా కట్టగలిగినంతే అప్పు చెయ్యాలి" అనేవారు. ప్లాంటు కట్టడానికే ఏళ్ళు పడతాయి. నీళ్ళు తగ్గినప్పుడు కరెంటు ధర పెంచుకునే వీల్లేదు. అప్పు డాలర్లలో, రాబడి స్థానిక కరెన్సీలో. ఇన్ని చిక్కులున్నచోట సొంత డబ్బు సగమైనా ఉండాలని ఆయన వాదన. అప్పు పెరిగితే యజమానులు పెట్టే డబ్బు తగ్గి, లాభశాతం కాగితం మీద ముచ్చటగా కనిపిస్తుంది. మా పెద్దలకు ఆ ముచ్చటే కావాలి.

నేపాల్‌లో కట్టడం పూర్తికావచ్చిన ఒక ప్లాంటుకు మేము సలహాదారులం. దాని వాటాల్లో కొంత భాగం విదేశాల్లో పనిచేసే నేపాలీలకు కేటాయించారు. అంటే ఇక్కడి కూలీలకే. శుక్రవారం చర్చి అయ్యాక ఆయన బర్వా అల్ బరాహా కూలీల క్యాంపుకు వెళ్ళి, మంచాల మధ్య కూర్చుని, నీళ్ళు తగ్గితే వచ్చిన రాబడి ముందు బ్యాంకు తీసుకుంటుందనీ, మిగిలితేనే వాళ్ళకనీ హిందీలో వివరించేవారు.

"సార్, ఇది మన డ్యూటీ కాదు గదా?" అన్నాను ఒకసారి.

"వాటాదారుల సమావేశమయ్యా ఇది! మీరు హోటల్లో పెడతారు, నేను క్యాంపులో పెడుతున్నాను" అని నవ్వారు.

అప్పు ముప్పాతిక ఉండాలని పైవాళ్ళు నిర్ణయించారు. వాటాలు కొనేవాళ్ళకిచ్చే ఆ నివేదిక మీద ఆయన సంతకం పెట్టనన్నారు. మేనేజరు నావైపు తిరిగి, "యల్లా, కానివ్వు, నువ్వు పెట్టు" అన్నాడు. పిల్లల స్కూలు, కుటుంబం వీసాలు గుర్తొచ్చాయి. పెట్టాను. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు టీ తెచ్చిచ్చి, "ఈ శుక్రవారం నువ్వూ రావయ్యా క్యాంపుకి" అన్నారు. వెళ్ళలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత రెండేళ్ళూ వానలు మొహం చాటేశాయి. బ్యాంకు వాయిదాలు పోగా వాటాదారులకు పైసా మిగల్లేదు. వాటాల ధర కుప్పకూలింది.

మొన్న ముఐథర్‌లోని ఆయన ఇంట్లో ప్రార్థన జరిగింది. క్యాంపు నుంచి వచ్చినవాళ్ళలో దిల్‌బహదూర్ అనే తాపీమేస్త్రీ నా పేరు విని దగ్గరికి వచ్చాడు. గొంతులో కోపం లేదు.

"బడే సాబ్ నే మనా కియా థా. ఫిర్ కాగజ్ పే ఆప్‌కా నామ్ దేఖా. సోచా, ఉన్‌కా హీ ఆద్మీ హై. లే లియా."

పెద్దసారు వద్దన్నా, కాగితం మీద నా పేరు చూసి, నేను ఆయన మనిషినే కదా అని నమ్మి కొన్నాడట.

గురువుగారూ, మీలాంటివారు మాకిక దొరకరు. మీ శిష్యుణ్ణన్న పేరుతో ఇన్నాళ్ళూ గౌరవం పొందాను. ఆ పేరును నమ్మబట్టే అతను మునిగిపోయాడు. క్షమించమని అడగడానికి మీరు లేరు. అతను ఎదురుగానే నిలబడ్డాడు, అతన్నీ అడగలేకపోయాను.