సింగపూర్ నుంచి వచ్చిన వాకబు

ఎవరు ఫోన్ చేసినా స్పీకర్ పెట్టి మాట్లాడటం రామాయమ్మకు అలవాటు. ఆ రోజూ అలాగే పెట్టింది. ఆఫీసు గదిలో ఆమె, ఎదురు బల్ల దగ్గర కంప్యూటర్ ముందు షెర్లీ. బయట గోడౌన్ వరండాలో ఆడవాళ్లు మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు.

"నమస్తే అండీ. సింగపూర్ బిజినెస్ స్కూల్ తరఫున హైదరాబాద్ నుంచి మాట్లాడుతున్నాను. షెర్లీ గారు మా దగ్గర ఎంబీఏకి అప్లై చేస్తూ మీ పేరు ఇచ్చారు. ఆమె గురించి కొన్ని విషయాలు అడగొచ్చా?"

రామాయమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. కొంగు భుజం నిండా తెచ్చుకుంది.

"అడుగమ్మా. పిల్ల బంగారం."

షెర్లీది నూజెండ్ల. తండ్రి ఫ్రాన్సిస్ అక్కడ బడిలో టీచరు. బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివాక ఆమె ఈపూరు దగ్గరున్న ఈ మహిళా రైతుల కంపెనీలో మేనేజరుగా చేరింది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు కలిసి పెట్టుకున్న కంపెనీ అది. వాళ్లు పండించిన మిర్చిని మధ్యలో దళారి లేకుండా ఎగుమతిదారులకు అమ్మిపెట్టడం ఆమె పని. రామాయమ్మ ఆ కంపెనీకి ప్రెసిడెంటు. షెర్లీ ఆమెను పెద్దమ్మా అని పిలుస్తుంది.

ఎంబీఏకి షెర్లీ రెండు చోట్ల అప్లై చేసింది. మనీలాలో ఉన్న స్కూల్ రైతు సంస్థల నిర్వహణ మీద ప్రత్యేకంగా ఒక కోర్సు నడుపుతుంది. మీ కంపెనీ ఏం చేస్తుందో రాయమని వాళ్లు అడిగారు, ఆమె ఒక్క పూటలో రాసి పంపింది. సింగపూర్ స్కూల్ పేరు పెద్దది. ఒత్తిడికి లొంగకుండా మీరు తీసుకున్న నిర్ణయం గురించి రాయండని వాళ్లు అడిగారు. షెర్లీ చాలా రోజులు ఆలోచించింది. అలాంటిది ఒక్కటే గుర్తొచ్చింది. అయితే ఆ నిర్ణయం ఆమెది కాదు.

"ఆమె ఒక సంఘటన రాశారండీ," అంటోంది ఫోన్‌లో గొంతు. "ఎగుమతికి వెళ్లే లారీలో తడి మిర్చి బస్తాలు ఎక్కించబోతే ఆపించారట. ఆ బస్తాలు మీ ఇంటివేనట. మీరు ఎక్కించమని గట్టిగా చెప్పినా ఆమె ఒప్పుకోలేదట. నిజమేనా అండీ?"

షెర్లీ చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. రిఫరెన్సు మెయిల్‌లో అడుగుతారనీ, కంపెనీ మెయిళ్లన్నీ చూసేది తానే కాబట్టి జవాబు కూడా తానే రాస్తాననీ అనుకుంది. ఇలా ఫోన్ చేసి, అదీ తెలుగులో అడుగుతారని ఊహించలేదు.

రామాయమ్మ తల తిప్పి ఆమె వైపు చూసింది. షెర్లీ స్క్రీన్ మీంచి కళ్లు తీయలేదు.

"నిజమేనమ్మా," అంది రామాయమ్మ. "మా ఇంటియ్యే. ఎక్కిచ్చమని నేనే అన్నా. ఈ పిల్ల ఒప్పుకోలా. దింపిచ్చిందాకా ఊరుకోలా."

ఫోన్ పెట్టేసి లేచింది.

"ఏందే అట్టా బిగుసుకుపోయావు? వాకబుకొచ్చినోళ్లకి పిల్ల గురించి తక్కువ చేసి చెప్తామా? మా ఆడబిడ్డ కూతురికి సంబంధం చూడ్డానికొచ్చి అడిగితే, అసలు నోరెత్తదండీ అని చెప్పా. దాని నోరు నీకు తెల్సుగా!"

నవ్వుకుంటూ వరండాలోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

లారీ దగ్గర ఆ రోజు జరిగింది వేరు. కల్లాల్లో ఆరబోసిన మిర్చి మీద తెల్లవారుజామున జల్లు పడింది. అందరూ కాయల మీద పట్టాలు కప్పుకున్నారు. రామాయమ్మ కొడుకు మహేష్ మాత్రం ఆలస్యంగా లేచాడు. తడిసిన కాయలనే, అక్కడ టిక్కీలనే బస్తాలకెత్తి, లారీ వేళకి ట్రాక్టరులో తెచ్చి దించాడు. బస్తా మూతి విప్పగానే నెమ్ము వాసన కొట్టింది. అక్కడున్న ఆడవాళ్లందరికీ తెలిసింది, షెర్లీకీ తెలిసింది. ఇంకెవరి బస్తాలైనా అయితే వెనక్కి పంపేది. ఇవి ప్రెసిడెంటు గారివి. "లోపలి వరసలో వేయండి" అంది హమాలీలతో, మహేష్ వైపు చూడకుండా. కాసేపటికి రామాయమ్మ వచ్చింది. లారీ పక్కన నిలబడి కొడుకుని అందరి ముందూ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, తన బస్తాలన్నీ దింపించింది. షెర్లీని మాత్రం ఒక్క మాట అనలేదు.

కొన్నాళ్లకు రెండు స్కూళ్లనుంచీ సీటు వచ్చింది. సింగపూర్ వాళ్లు స్కాలర్‌షిప్ కూడా ఇస్తామన్నారు. మనీలాకయితే అప్పు చేసి వెళ్లాలి. ఆదివారం చర్చిలో పాస్టర్ గారు షెర్లీ పేరు చెప్పి, సింగపూర్ చదువు కోసం ప్రార్థన చేయించారు. ఫ్రాన్సిస్ ఆ మాట కూతురికి ఫోన్‌లో రెండుసార్లు చెప్పాడు. ఎక్కడ చేరాలో ఆ నెలలోనే తేల్చి చెప్పాలి. ఇందులో తేల్చడానికేముందని ఇంట్లో వాళ్లు అనుకున్నారు. షెర్లీ రోజూ ఆ మెయిల్ తెరుస్తుంది, జవాబు రాయకుండా మూసేస్తుంది.

ఆమె తేల్చకముందే సింగపూర్ వాళ్లు స్కాలర్‌షిప్‌కి ఎంపికైన వాళ్ల గురించి తమ పేజీలో పెట్టారు. షెర్లీ ఫొటో, దాని కింద ఆ సంఘటన క్లుప్తంగా. ఎవరో దాన్ని తెలుగులోకి మార్చి ఊరి వాట్సాప్ గ్రూపులో వేశారు. ముందు అభినందనలు వచ్చాయి. తర్వాత ఒకరు అడిగారు: అయితే తడి టిక్కీలు తోలబోయింది మన ప్రెసిడెంటేనా?

ఆ వారంలోనే కంపెనీ సర్వసభ్య సమావేశం. ప్రెసిడెంటును మళ్లీ ఎన్నుకోవాలి. రామాయమ్మ మీద, ఆమెకు మరిది వరసైన చెన్నకేశవులు భార్య పోటీలో ఉంది. భార్య తరఫున మాట్లాడేది ఎప్పుడూ చెన్నకేశవులే. గోడౌన్‌లో పట్టాల మీద ఆడవాళ్లు కూర్చున్నాక అతను ఫోన్ పట్టుకుని లేచాడు.

"వదినా, ఒక్క సందేహం. తప్పుగా అనుకోమాక. మన టిక్కీలో ఒక్క కాయ తడిగా ఉన్నా వెనక్కి పంపిస్తారే, మరి ప్రెసిడెంటు టిక్కీలకి వేరే లెక్క ఉందా? ఇది నేనన్న మాట గాదు. సింగపూరోళ్లు అంటన్నారు."

"ఆ పొద్దు మేం ఈడనే ఉన్నాం," అంటూ వెనకనుంచి ప్రేమమ్మ లేవబోయింది. తాలు ఏరే ఆడవాళ్లకు మేస్త్రీ ఆమె. "ఎవరు ఎక్కిచ్చారో, ఎవరు..."

"ప్రేమమ్మా, నువ్వు కూర్చో," అంది రామాయమ్మ. చెన్నకేశవులు వైపు తిరిగింది. "అవునయ్యా, ఎక్కిచ్చమన్నా. తప్పే. పిల్ల ఆపింది. అయిపోయింది. ఇంకేంది?"

తలుపు దగ్గర నిలబడ్డ మహేష్ తల దించుకుని బయటికి వెళ్లిపోయాడు.

షెర్లీ గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో హాజరు కాగితాలు. ఫోన్‌లో అవునన్న మాటకే రామాయమ్మ ఇక్కడా కట్టుబడిందని ఆమెకు అర్థమైంది. తాను కాదంటే సీటు పోతుంది. ఊరుకుంటే పెద్దమ్మ పేరు పోతుంది. ఆమె లేచి ఏదో అంది. ముందు వరసకు కూడా వినపడలేదు.

"గట్టిగా చెప్పమ్మా," అన్నాడు చెన్నకేశవులు. "అందరూ వినాలి గదా."

మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

"నేను రాసింది అబద్ధం. పెద్దమ్మ ఎక్కించమనలేదు. తడి ఉందని తెలిసీ నేనే ఎక్కించమన్నాను, వాళ్ల టిక్కీలని. దింపించింది పెద్దమ్మ."

పిల్లలు లేని బడిలా ఉంది గోడౌన్.

"ఆఁ, ఇప్పుడు సరిగ్గా చెప్పింది," అంది ప్రేమమ్మ.

"మరి సింగపూర్‌లో ఇంకో తీరుగా ఉందే?" అన్నాడు చెన్నకేశవులు ఫోన్ ఊపుతూ.

"ఏమయ్యా, నీ పెళ్లి వాకబుకొచ్చినప్పుడు మీ ఊళ్లో నీ గురించి ఏం చెప్పారో తియ్యమంటావా?" అంది రామాయమ్మ. ఆడవాళ్లు ఒక్కసారిగా నవ్వారు. చెన్నకేశవులు భార్య కూడా నవ్వింది.

ఎన్నిక జరిగింది. రామాయమ్మే గెలిచింది. అందరూ టీలు తాగి వెళ్లిపోయారు. షెర్లీ గ్లాసు తీసుకోవడానికి వెళ్తే ఇద్దరు ముగ్గురు పక్కకు జరిగి దారిచ్చారు, పలకరించలేదు.

సాయంత్రం రామాయమ్మ ఆఫీసు గదిలోకి వచ్చి నిలబడింది.

"నోరెందుకు తెరిచావే? నా పదవి పోతే పోయిద్ది. నీ సీటు పోయిద్ది గదా ఇప్పుడు."

"తప్పు చేశాను పెద్దమ్మా."

"తప్పు సంగతి ఎవరడిగారు? ఇన్నేళ్లు చేశావు ఈడ. ఇంటింటికీ తిరిగి ఆడోళ్ల చేత బ్యాంకు ఖాతాలు తెరిపిచ్చావు. పురుగు మందు కొట్టిన కాయ తీసుకోనని చెప్పి తిట్లు తిన్నావు. నీదంటూ చెప్పుకోడానికి ఏమీ దొరకలా? నాదే కావాల్సొచ్చిందా? అదీ నన్ను దొంగను చేసి."

ఆ రోజు నవ్వుతూ ఫోన్ పెట్టేసిన మనిషి లోపల ఇన్నాళ్లూ ఏం పెట్టుకుందో షెర్లీకి అప్పటికి గానీ తెలియలేదు. క్షమించమని అనబోయింది. అప్పటికే రామాయమ్మ గడప దాటింది.

అక్కడే కూర్చుని సింగపూర్‌కి మెయిల్ రాసింది. జరిగింది వేరనీ, సీటు వదులుకుంటున్నాననీ. వాళ్లు రెండు వాక్యాల్లో జవాబిచ్చి పేజీలోంచి ఫొటో తీసేశారు. మనీలాకి వస్తానని రాసింది. తండ్రికి ఫోన్ చేసి కారణం దాచకుండా చెప్పింది.

"చర్చిలో నేను చెప్తాలేమ్మా," అన్నాడు ఫ్రాన్సిస్.

"ఏమని చెప్తావు నాన్నా?"

"ఏదో ఒకటి చెప్తా."

వద్దని ఆమె అనలేకపోయింది.

మనీలా వాళ్లు కంపెనీలో ఆమె చేసిన పని గురించి ప్రెసిడెంటు సంతకంతో ఒక పత్రం అడిగారు. షెర్లీ టైపు చేసి, ప్రింటు తీసుకుని వరండాలోకి వెళ్లింది. రామాయమ్మ తాలు ఏరే వాళ్ల మధ్య పీట మీద కూర్చుని ఉంది. సమావేశం తర్వాత ఆమె షెర్లీతో పని మాటలు తప్ప మాట్లాడటం లేదు.

"సంతకం కావాలి పెద్దమ్మా."

"ఏం రాశావు? చదువు."

"ఇక్కడా?"

"ఈడనే. వీళ్లు కూడా ఇంటారు."

షెర్లీ నిలబడి చదవడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ పోయింది. ఆడవాళ్ల చేతులు కాయల్లో ఆడుతూనే ఉన్నాయి. ఎవరూ తలెత్తి చూడలేదు. బ్యాంకు ఖాతాల దగ్గరికి వచ్చేసరికి రామాయమ్మ చెయ్యెత్తింది.

"ఖాతాలు నువ్వొక్కదానివే తెరిపిచ్చావా?"

షెర్లీ కాగితం వైపు చూసింది. తాను తెరిపించానని ఉంది.

"ప్రేమమ్మ పిన్ని కూడా తిరిగింది," అంది.

"మరి రాయి."

షెర్లీ లోపలికి వెళ్లి ఆ పేరు చేర్చి, మళ్లీ ప్రింటు తీసుకొచ్చి, మొదటినుంచీ చదివింది.