అనిపా, ఐదుగురు మామగార్లు

ఆ ఆదివారం కోట ముట్టడిలో అనిపా మనుషులు ఐదుగురూ నిలబడ్డ చోటే కొయ్యబారిపోయారు. తెర మీద శత్రువుల కత్తులు పైకి లేవడం కనబడింది. దిగడం కనబడలేదు. బొమ్మ మళ్లీ కదిలేసరికి ఐదుగురూ నేల మీద వరసగా పడున్నారు.

"వదినా! ఎవరు పడ్డారు? పేరు చెప్పండి, పేరు!" హెడ్‌ఫోన్లలో కుబాత్ అరుస్తున్నాడు.

"పెద్దాయన పడ్డారు."

"ఏ పెద్దాయన?"

"మావయ్యగారు. ఆయన వెనకే వైద్యం మావయ్య, డప్పు మావయ్య..."

"అయ్యో వదినా, పేరు చెబితే నాలుక ఊడిపోతుందా?"

"ఊడిపోదు. మా అత్తయ్య పీకేస్తుంది."

ముట్టడి ఓడిపోతున్నా దండులో నలుగురైదుగురు పకపకా నవ్వారు. అనిపా నవ్వలేదు. ఇలా జరగడం ఇది వరసగా రెండో ఆదివారం.

ఈ పేర్ల చిక్కు తెచ్చిపెట్టింది చనిపోయిన ఆమె భర్త దోరోన్‌బెక్. ఆ కంప్యూటర్ ఆటలో ఒక్క వీరుడు ఒంటరిగా బతికి బట్టకట్టలేడు. పక్కన గాయాలు మాన్పేవాడుండాలి, డప్పు కొట్టి బలం పెంచేవాడుండాలి, కవచం కప్పేవాడుండాలి, అలసినవాళ్లకు సత్తువ పోసేవాడుండాలి. అందుకని దోరోన్‌బెక్ ఐదు ఖాతాలు పెట్టుకుని, ఐదు విండోలు ఒకే కంప్యూటర్లో తెరిచి, ఐదుగురినీ తానే ఆడించేవాడు. ముచ్చటపడి వాళ్లకు తన తండ్రి పేరు, తండ్రి అన్నదమ్ములు నలుగురి పేర్లు పెట్టుకున్నాడు. అత్తింటి పెద్దల పేర్లు కోడలి నోట రాకూడదు. ఒకరోజు ఈ పేర్లు తన పెళ్లాం పిలవాల్సొస్తుందని అతను అనుకోలేదు. ఎవరనుకుంటారు?

పోయిన ఆకురాలు కాలంలో, పడవల మరమ్మతు షెడ్డులో, చేతిలో పానా ఉండగానే దోరోన్‌బెక్ పక్కకు ఒరిగిపోయాడు. నలభయ్యో రోజు తంతు అయ్యాక కుబాత్ ఫోన్ చేశాడు. కుబాత్ కారాకోల్‌లో టాక్సీ నడుపుతాడు. ఆటలో ఈ దండుకు నాయకుడు.

"వదినా, అన్న మనుషులు లేకుండా మేం కోట గెలవలేం. వాటి పాస్‌వర్డులు మీ దగ్గరున్నాయా?"

"ఉన్నాయి. కానీ ఇవ్వను. నేనే ఆడతాను."

"మీరా?" అన్నాడు కుబాత్. అనిపా కోచ్‌కోర్ నుంచి సరస్సు ఒడ్డున ఉన్న ఈ బాలిక్చీకి కోడలిగా వచ్చిన మనిషి. ఎనిమిదో తరగతితో బడి మానేసింది. చేపలు పొగబెట్టి రోడ్డు పక్కన తీగకు వేలాడదీసి అమ్ముకునే చేతులు ఆమెవి. కానీ పెళ్లయిన నాటి నుంచీ ప్రతి ఆదివారం సాయంత్రం మొగుడి వెనక కూర్చుని అతని గిన్నెలో టీ పోస్తూ ఆ తెర చూసింది. ఏ మీట నొక్కితే ఎవరు లేస్తారో, ఏ చప్పుడుకు ఎవరు పరుగెత్తుతారో ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. పిండి కలపడం కూడా అలాగే కదా వచ్చింది.

చలికాలమంతా బాగానే ఆడింది. ఊళ్లు కాపలా కాసింది, చిన్నా చితకా గొడవలు గెలిచింది. అవి గబుక్కున అయిపోయేవి. కోట ముట్టడి అలా కాదు. ఒకసారి మొదలైతే తెమలదు. వసంతం రాగానే ముట్టడులు మొదలయ్యాయి, బొమ్మ ఆగి ఆగి కదిలే ల్యాగ్ కూడా మొదలైంది. కాసేపు గుర్రంలా పరుగెత్తడం, తర్వాత బురదలో ఎద్దులా కూలబడడం.

ఆ ఓడిన సాయంత్రమే కుబాత్ మళ్లీ ఫోన్ చేశాడు. గొంతులో మొహమాటం ఉంది.

"వదినా, కోపం తెచ్చుకోకండి. వచ్చే ఆదివారం కూడా ఇలాగే ఆగిపోతే ఆ ఐదుగురినీ బిష్కెక్‌లో మన మెదెర్‌కి అప్పజెప్పాల్సొస్తుంది. వాడి యంత్రం కొత్తది. దండంతా అదే మాట అంటోంది."

అదే కాల్‌లో ఉన్న మెదెర్ గొంతు వినబడింది. "అక్కా, భయపడకు, నీ మావగార్లని మంచిగా చూసుకుంటా! ఐదుగురు ముసలాళ్లకీ మోకాళ్ల నొప్పులేమో, అందుకే కదలట్లేదు!"

"మా మావగార్లకి మోకాళ్లు గట్టివే నాయనా. నువ్వు పోయిన ముట్టడిలో గోడ వెనక దాక్కుని నిలబడ్డావు, నీ మోకాళ్లు చూపించుకో," అంది అనిపా.

ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ మాట ఆమెలో ముల్లులా దిగింది. ఆ ఐదుగురు పోతే ఆదివారం సాయంత్రం ఏముంటుంది? టీ పోయడానికి ముందున్న వీపు ఎలాగూ పోయింది, ఇక ఆ తెర కూడా ఉండదు.

మర్నాటి నుంచే పనిలోకి దిగింది. దండులో ఒక్కొక్కరిని అడిగి, చెప్పిందల్లా చేసింది. పెద్దాయన విండో ఒక్కటి పెద్దదిగా ఉంచి, మిగతా నలుగురివీ అరచేతంత చేసింది. ఆ నాలుగింటిలో చెట్ల నీడలు తీసేసింది, గడ్డి తీసేసింది, నీళ్లలో మెరుపులు తీసేసింది. డప్పు మావయ్య ఎడారిలాంటి బోసి నేల మీద నిలబడ్డాడు. ఫర్వాలేదు, డప్పు కొట్టడానికి గడ్డెందుకు? చూడని విండోలు సెకనుకు ఎక్కువ బొమ్మలు గీయకుండా కట్టడి పెట్టింది. నాలుగింటి చప్పుడు నొక్కేసింది. వెనకాల ఊరికే నడిచే ప్రోగ్రాములన్నీ మూసేసింది. గాల్లో వచ్చే నెట్ వద్దని తీగ లాగించింది.

మేలు కనబడింది. ముట్టడి లేని రోజు ఐదుగురినీ కొండ మీదికి తోలితే మొదట్లో అందరూ ఒక్క అడుగుగా నడిచారు. కానీ టీ కాచే సమోవార్ కాగి, టీ తాగి, రెండో గిన్నె పోసుకునేలోపు మళ్లీ అదే బురద.

"అన్న ఉన్నప్పుడు ఇదే యంత్రం కదా వదినా, పొద్దు గూకేదాకా పరుగెత్తేది. ఏం మారింది?" అన్నాడు కుబాత్.

ఏం మారింది? ఆ ప్రశ్న పట్టుకుని అనిపా గదిలోకి తలెత్తి చూసింది.

మారింది కంప్యూటర్ కూర్చున్న చోటు. దోరోన్‌బెక్ పోయిన వారానికే అతని తల్లి ఉమ్సునై ముసలమ్మ దాన్ని తలుపు పక్క నుంచి తీయించి తోర్ మీదికి ఎక్కించింది. గది లోపలి కొసన, తలుపుకు ఎదురుగా, వచ్చిన పెద్దమనుషులను కూర్చోబెట్టే చోటది. కింద దళసరి బొంత పరిచింది. పక్కన మడత పెట్టిన పరుపుల దొంతర. ఉలాన్ గాలి లేస్తే బాలిక్చీలో సరస్సు ఒడ్డు ఇసుకంతా ఇళ్లలోకి వచ్చేస్తుందని, కొడుకు వస్తువుకు దుమ్ము పట్టకూడదని, చలికాలమంతా కూర్చుని ఎర్రదారంతో పొట్టేలు కొమ్ముల ముగ్గు కుట్టి, కంప్యూటర్ పెట్టెకు ఒక తొడుగు తొడిగింది. మీట నొక్కడానికి ముందువైపు చిన్న సందు. మిగతా అంతా ఉన్ని.

ఇంటి పిల్లి ఆ తొడుగుకు వీపు ఆనించి పడుకుని ఉంది. పొయ్యి వెలుగుతోంది, అయినా పొయ్యి దగ్గర లేదు.

అనిపా లేచి వెళ్లి తొడుగు కిందికి చెయ్యి పెట్టింది. రొట్టె తీసిన పెనంలా ఉంది.

పడవ మోటారు వేడెక్కితే మొగుడు ముందు మూత ఎత్తేవాడు, తర్వాతే తిట్టేవాడు. యంత్రం కూడా మనిషిలాంటిదే, ఊపిరాడకపోతే తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది అనేవాడు. ఐదు విండోల బరువు మోస్తున్నదాన్ని తామే బొంత మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు.

కారణం దొరికింది. కష్టం ఇప్పుడు మొదలైంది. ఆ తొడుగులో ప్రతి కుట్టూ ఉమ్సునై ఏడుస్తూ కుట్టింది. అనిపా పక్కనే కూర్చుని దారం ఎక్కించి ఇచ్చింది.

మధ్యాహ్నం టీ దగ్గర మాట ఎత్తింది. "అత్తయ్యా, కంప్యూటర్ని మళ్లీ తలుపు పక్కకు మార్చాలి. తొడుగు తీసెయ్యాలి."

ఉమ్సునై నూనెలో వేయించిన బోర్సోక్ ముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "ఏమన్నావు?"

"దానికి గాలాడట్లేదు. లోపలే ఉడికిపోతోంది."

"నా కొడుకు వస్తువుని గుమ్మం దగ్గర చెప్పుల పక్కన పడేస్తావా? పోయినోడంటే అంత లోకువైపోయిందే నీకు? నీ పుట్టింట్లో అలా చేస్తారేమో, మా ఇంట్లో చెయ్యం."

అనిపా గిన్నె కింద పెట్టింది. ఆమెకు కోపం రాలేదు. ఏం చెప్పాలో ఆమెకు తెలుసు.

"అత్తయ్యా, మీ అబ్బాయి బతికుండగా ఎప్పుడైనా తోర్ మీద కూర్చున్నారా?"

ముసలమ్మ తోర్ వైపు తల తిప్పింది.

"చుట్టాలొస్తే వాళ్లని లోపలికి పంపి, తను తలుపు దగ్గర సమోవార్ పక్కన మోకాళ్ల మీద కూర్చునేవారు. మీరే కదా అలా పెంచారు. ఇంటి కొడుకు చోటు తలుపు దగ్గర అని, తోర్ మీద కూర్చునేది తిని వెళ్లిపోయేవాళ్లని. ఆయన్ని తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టింది మనమే. మన మనిషిని మనమే చుట్టాన్ని చేశాం."

బయట ఉలాన్ గాలి తలుపును తోస్తోంది. ఉమ్సునై టీ గిన్నెను కోడలి వైపు జరిపింది.

"చల్లారిపోయింది. మళ్లీ పొయ్యి," అంది. గిన్నె తిరిగి అందుకుంటూ, "వాడు అసలు తోర్ మీద కూర్చుంటే నిద్రపోయేవాడు. ముడ్డి కింద మెత్తగా ఉంటే వాడికి ఏ పనీ సాగేది కాదు," అంది.

ఆ సాయంత్రమే మార్చారు. బొంత తీసి, తలుపు పక్కన ఎత్తు పీట వేసి, నాలుగు వైపులా గాలి తిరిగేలా పెట్టింది అనిపా. పక్క రేకు విప్పితే లోపల బూడిదరంగు దుమ్ము ఉన్నిలా పేరుకుని ఉంది.

"దీంతో ఒక తివాచీ చెయ్యొచ్చే," అంది ముసలమ్మ. ఆవిడే మెత్తటి కుంచె తెచ్చిచ్చింది. ఇసుక రాకుండా గుమ్మం కింద తడిగుడ్డ చుట్టి పెట్టింది.

ఆదివారం వచ్చింది. ఎండ ఇంకా సరస్సు మీద ఉండగానే ముట్టడి మొదలైంది. పెద్దాయన పెద్ద విండోలో, మిగతా నలుగురు అరచేతంత విండోల్లో. రెండు గిన్నెల టీ అయిపోయింది. మూడోది అయిపోయింది. బురద రాలేదు. బయటి గోడ కూలింది. అనిపా వేళ్లు ఒక విండో నుంచి ఇంకో విండోకు మగ్గం మీద నాడెలా తిరుగుతున్నాయి.

"వదినా, మెదెర్ పడిపోతున్నాడు! వైద్యం ఎవరు చేస్తారు?"

"వైద్యం మావయ్య చేరిపోయారు. లేవరా మెదెర్, మోకాళ్ల నొప్పులా?"

"అక్కా, తప్పైపోయింది! ఇంకొక్కసారి పొయ్యి!"

"పోస్తున్నా. గోడ వెనక దాక్కోనంటేనే."

వెనక నుంచి ఉమ్సునై ముందుకు వంగింది. "ఆ మూల టోపీ పెట్టుకుని ఊరికే నిలబడ్డాడే, ఎవడు వాడు?"

"మీ చిన్న మరిదిగారు అత్తయ్యా. కవచం కప్పడం ఆయన పని."

"వాడు బతికున్నప్పుడూ అంతే, మూలే వాడి చోటు. పొడిచి లేపు వాణ్ణి, ముందుకు తొయ్యి!" అని, కోడలు పలకలేని ఆ పేరు పెట్టి ముసలమ్మ గట్టిగా కేకేసింది. మైకులో దండులో అందరికీ వినబడింది.

"హమ్మయ్య! ఒక మావయ్య పేరు తెలిసింది!" అన్నాడు కుబాత్.

కోట గెలిచారు. దండంతా అరుచుకుంటుంటే కుబాత్ గొంతు తగ్గించి, "వదినా, మెదెర్‌కి అప్పజెప్పే మాట నేను అనలేదు, మీరు వినలేదు," అన్నాడు.

"నాకేం వినబడలేదు. వచ్చే ఆదివారం తొందరగా రా. నువ్వే ఆలస్యం," అంది అనిపా.

ఆమె విండోలు ఒక్కొక్కటే మూసింది. పెద్దాయనది చివర. గదిలో చీకటి పడుతోంది. ఉమ్సునై ఒళ్లో ఎర్రదారం తొడుగు మడత పెట్టి ఉంది. లేచి, తలుపు పక్కకొచ్చి, తొడుగు విప్పి పట్టుకుని, రెండో చేత్తో కంప్యూటర్ వీపు తడిమి చూసింది.

"ఇంకా వెచ్చగానే ఉన్నాడు," అంది. తొడుగు భుజాన వేసుకుని, కోడలి పక్కన, ఆ గుమ్మం దగ్గరే కూర్చుంది. "చల్లారనీ. అప్పుడు కప్పుదాం."

అనిపా సమోవార్ కింద మళ్లీ నిప్పు రాజేసింది.