సెనేట్ హాల్లో మా సారు

మా సారు పోయారు. పొద్దున్నే కోడుమూరు నుంచి ఆయన తమ్ముడు ఫోన్ చేసి, "అన్న లేడప్పా. లేపితే పలకల్యా" అన్నాడు. నేను అప్పుడు క్లాసులో ఉన్నాను. పాఠం ఆపలేదు. మిగిలిన సమయమంతా ఏం చెప్పానో మాత్రం గుర్తు లేదు.

ఆయన మాకు భూగర్భశాస్త్రం చెప్పారు. ఓర్వకల్లు రాళ్ల దగ్గరికి తీసుకెళ్లి ఎండలో నిలబెట్టి చెప్పేవారు. ఎవరైనా నీడ వెతుక్కుంటే, "రాయికి నీడ యాడుండాది? రా ఈడికి" అనేవారు.

విశ్వవిద్యాలయం ఎలా నడవాలో కూడా నాకు ఆయనే నేర్పారు. భవనాలు, ఉద్యోగాలు పాలకమండలి చూస్తుంది. ఏ కోర్సు ఉండాలి, ఏం బోధించాలి అన్నది ముందు ఆ శాఖ అధ్యాపకుల బోర్డు, తర్వాత అకడమిక్ సెనేట్ తేల్చాలి. నిబంధనల పుస్తకంలో ఉన్నది ఇంతే. సారు దాన్ని ప్రాణంగా పట్టుకున్నారు. సెనేట్ కాగితాలను బస్సులోనే చదివి, అంచుల్లో ఎర్ర పెన్సిలుతో "ఎవరిని అడిగినారు?" అని రాసేవారు. విద్యార్థి ప్రతినిధికి కాగితాలు అందలేదంటే తన ప్రతి ఇచ్చేసేవారు.

నేను పక్క శాఖలో ఉద్యోగంలో చేరిన కొత్తలో సెనేట్ ఎన్నికకు నిలబడమన్నారు. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నానని నసిగాను.

"నువ్వు కూసోకపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉంటాదప్పా. ఖాళీ కుర్చీ ఎప్పుడూ పైనోళ్ల పక్షమే."

నిలబడ్డాను, గెలిచాను.

ఆ ఏడాది మార్చిలో జరిగిన సెనేట్ సమావేశం చివర్లో, అందరూ టీ కోసం చూస్తున్న వేళ, ముందుగా పంపని కాగితమొకటి మా ముందుకు వచ్చింది. చేరేవాళ్లు తగ్గారు కాబట్టి భూగర్భశాస్త్ర శాఖను మూసేయాలి, ఆ భవనాన్ని ఒక కంపెనీ శిక్షణ కేంద్రానికి ఇవ్వాలని అందులో ఉంది. "సభ్యులు చర్చించి ఆమోదించారు" అని కింద అప్పటికే టైపు చేసి ఉంది.

సారు లేచారు. "నోరు తెరవకముందే చర్చించినామని రాసినారే! శాఖలో ఒక్కరినన్నా అడిగినారా సార్? ముందు మా బోర్డుకు పంపండి."

"మీ అభ్యంతరాన్ని ఇంకొకరు బలపరిస్తే పంపుతాం. ఎవరైనా ఉన్నారా?" అన్నారు వైస్ ఛాన్సలర్.

ఒక్కరు చాలు. సారు హాలంతా చూశారు. చివరికి నా వైపు చూశారు. చదివే మీకు నిజం చెప్పాలి. నా ప్రొబేషన్ ఫైలు మీద ఇంకా సంతకం పడలేదని, వారం ముందే ఒక పెద్దమనిషి నాకు తీయగా గుర్తు చేశాడు. నేను తల వంచుకుని, ఎదుట ఉన్న కాగితం చదువుతున్నట్టు నటించాను. సారు నన్ను పేరు పెట్టి పిలవలేదు. ఎర్ర పెన్సిలు జేబులో పెట్టుకుని కూర్చున్నారు.

జూన్‌లో శాఖ మూతపడింది. కాంట్రాక్టు అధ్యాపకులు నలుగురూ ఇంటికి పోయారు. చదువు సగంలో ఉన్న పిల్లలను ఇంకో ఊరి కాలేజీకి పొమ్మన్నారు. కొందరు మానేశారు, ఒకడు బోర్లు వేసే లారీ ఎక్కాడు. సారు కొండల్లో తిరిగి ఏరి, పేర్లు రాసి పెట్టిన రాళ్లను గోనెసంచుల్లో కుక్కి వెనక ఆవరణలో పడేశారు. సారును పరీక్షల విభాగంలో పనేమీ ఇవ్వకుండా కూర్చోబెట్టారు.

క్షమించమని అడగడానికి ఒకసారి వెళ్లాను. నా మాట పూర్తి కానీయలేదు. "పిల్లోళ్లు ఉండేవోనివి. నాకు తెలుసులేప్పా. వచ్చే మీటింగుకు కాగితాలు చదువుకొని పో" అన్నారు.

ఆ తర్వాత ఆయన గది ఉన్న వరండాలో నడవడం మానేశాను. అలా తప్పించుకు తిరిగినవాళ్లు ఇంకొందరు ఉన్నారు. కానీ వాళ్లెవరూ ఆయన శిష్యులు కారు. ఆయన రిటైరైన రోజు నేను సెలవు పెట్టాను.

దినాలు ముగిశాక ఒక మధ్యాహ్నం వాళ్ల ఊరికి వెళ్లాను. వర్షం లేక చేలన్నీ నెర్రెలు విచ్చి ఉన్నాయి. సారు భార్య నన్ను లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, పళ్లెంలో సంగటి పెట్టింది.

"మీ సారు ఆ పొద్దు మీటింగు నుంచి వచ్చి ఏం చెప్పినాడో తెలుసునా నాయనా? 'ఓడిపోయినాం గానీ, నేను లేస్తానే మా పిల్లోడు గూడా లేసినాడు' అన్నాడు. నిన్ను గురించే. శానా సంబరపడినాడు."

నేను సంగటి ముద్ద తుంచాను.

"అవునమ్మా" అన్నాను.

ఆమె ఇంకో ముద్ద పెట్టి, దాని మీద నెయ్యి వేసి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది.