బాపును లేపి అడగండి

పోయిన ఎండాకాలం ఇబ్రహీంపట్నం దగ్గరి మా పొలానికి వెళ్తే, నన్ను కన్న బాపు సమాధి ఇటుకల సందులో ఒక డబ్బా ఎర్రగా మిణుకుమంటోంది. బాంబనుకుని చెప్పులు వదిలేసి రోడ్డుదాకా ఉరికాను.

అక్కడ కారు దిగిన ఇద్దరు సిటీ మేధావులు నన్ను చూసి పగలబడి నవ్వారు. ఆ డబ్బా వాళ్లదేనట! ఫోన్లతో నిధి వెతికే ఆటలో, దగ్గరికొచ్చిన ఫోనుకు సిగ్నల్ పంపే బీకనట.

"జాగా ఎవరిదో వాళ్లను అడగాలని మీ ఆటల రూలు లేదా?" అన్నాను.

"ఉంది అంకుల్. కానీ ఇక్కడెవరూ కనబడలేదు."

"సమాధి బండ మీద పేరు కనవడ్తలేదా? పట్టా ఇంకా మా బాపు పేరు మీదనే ఉన్నది. జర లేపి అడుగున్రి!"

ఇద్దరూ డబ్బా పీక్కుని పోయారు. ఫోనులో గోరంత డబ్బాను పసిగట్టే ఆ కళ్లకు, బండ మీద జానెడేసి అక్షరాలు ఆనలేదు.