రెండు బస్సుల సాక్ష్యం

మహోన్నతుడైన దేవునికి స్తోత్రం. కంటికి ఆనని అణువులను కూడా ఒకదాని పక్కన ఒకటి పొందికగా కూర్చినవాడికి మహిమ కలుగు గాక. చిత్తూరు నుంచి తిరుపతికి, తిరుపతి నుంచి చిత్తూరుకు మమ్మల్ని క్షేమంగా తిప్పినందుకు వందనాలు. తిరుగు దారిలో మా రూతమ్మ పెద్దమ్మ నోటిని గంట సేపు మూయించినందుకు ప్రత్యేక వందనాలు. ఆ అద్భుతాన్ని మా సంఘంలో ఇంతకు ముందు చూసినవాళ్లు లేరు.

నేను చిత్తూరులో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. వీలున్నప్పుడల్లా తిరుపతిలో ఒక మేడమ్ దగ్గర పరిశోధన చేస్తున్నాను. నా పని ప్రోటీన్లలో ఏది దేనికి ఆనుకుని ఉందో వెతకడం. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల పొడవాటి వరస. క్రిస్మస్ ఊరేగింపులో పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నట్టు అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అయితే ఆ వరస తిన్నగా నిలబడదు, మడతలు పడి ఉండ చుట్టుకుంటుంది. అప్పుడు వరసలో ఈ చివరిది వచ్చి ఆ చివరిదానికి ఆనుకోవచ్చు. పక్కపక్కన ఉన్నవి ఆనుకోవడంలో వింత లేదు, వాటిని లెక్కలోంచి తీసేస్తాం. ఎక్కడెక్కడివో ఆనుకుంటేనే విశేషం, ఆకారాన్ని పట్టి ఉంచేది ఆ ఆనుడే.

నేను చూస్తున్నది క్షయ క్రిమిలోని ఒక ప్రోటీన్. అందులో నలభై ఒకటో స్థానంలో లైసీన్, నూట పద్దెనిమిదో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉన్నాయి. ఒకదానికి ధనావేశం, ఒకదానికి ఋణావేశం. అంత దూరాన ఉన్న రెండూ చేతులు కలిపినంత దగ్గరగా ఉన్నాయని నా కంప్యూటర్ చూపించింది. ఈ సంగతి ఎవరూ రాసినట్టు నాకు కనబడలేదు. నిజమని తేలితే నా థీసిస్ చివరి అధ్యాయానికి మేడమ్ సంతకం పెడతారు. తేలకపోతే మళ్లీ మొదలు.

సంతోషం పట్టలేక ఇంట్లో చెప్పాను. పెద్దమ్మ విన్నది. ఆ ఆదివారమే మందిరంలో కొంగు తల మీదికి లాక్కుని లేచి నిలబడింది.

"మా పాప క్షయ రోగం గుట్టు పట్టుకునింది! లోపల ఇద్దురు దొంగలు సేతులు కలిపినారు. ఎవురికీ కనబడలా, ఈ బిడ్డకు కనబడినారు. దేవునికి స్తోత్రం!"

చప్పట్లు మోగాయి. పాస్టరుగారు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. బయటికి వస్తుంటే ఒకామె నన్ను ఆపి, "మాత్రలు ఎప్పుడొస్తాయి పాపా? పెద్దాస్పత్రిలోనే ఇస్తారా?" అని అడిగింది. ఒక్క సాక్షి మీద తీర్పు నిలవదని సండే స్కూల్లో మాకు నేర్పింది ఈ పెద్దమ్మే. ఆ మాట గుర్తు చేస్తే, "నువ్వు ఒక సాక్షి, నీ కంప్యూటర్ ఒక సాక్షి. అయిపాయె!" అంది.

అందుకని శనివారం మేడమ్‌ను కలవడానికి నేను బయలుదేరితే ఆమె కూడా చెప్పులేసుకుంది. "సాక్ష్యం సెప్పింది నేను. తీర్పు యాడ సెప్తారో ఆడికి నేను రావద్దా?"

ఏడు గంటలకు చిత్తూరు బస్టాండులో తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ కార్డు చూపించి ఇద్దరం ఆడవాళ్లకిచ్చే సున్నా టిక్కెట్లు తీసుకున్నాం. మీరు వెళ్లేట్టయితే అసలు కార్డు తీసుకెళ్లండి, కండక్టరుతో వాదన తప్పుతుంది. ముగ్గురు కూర్చునే సీటులో కిటికీ పక్కన నేను, మధ్యలో పెద్దమ్మ, ఆమె ఒడిలో నిమ్మకాయ అన్నం, చెనిక్కాయల చట్నీ ఉన్న క్యారియర్.

పూతలపట్టులో బస్సు కిటకిటలాడిపోయింది. నలభై ఏళ్ల ఒకామె వచ్చి మూడో చోట ఇరుక్కుంది. చీర నిండా మాగిన మామిడి వాసన. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి నేరుగా వస్తోందని ఆమె చెప్పిన నాలుగు మాటల్లో తెలిసింది. ఐదో మాటకు నిద్రపోయింది. తల వెళ్లి పెద్దమ్మ భుజం మీద వాలింది.

కండక్టరు వచ్చి చూశాడు. "మీ కూతురా అమ్మా? లేపి కార్డు సూపించమని సెప్పు."

"కూతురెవురు నాయనా! యాడోళ్ళో ఏమో. పూతలపట్టులో ఎక్కింది, ఎక్కినప్పట్నుంచి నా భుజం మీదనే కాపరం."

"అచ్చం నీ బిడ్డ మాదిరే ఉండాదే!"

"ఈ రద్దీలో నువ్వు కూసున్నా నా బిడ్డ మాదిరే ఉంటావు అబ్బా. ఆనుకోక యాడికి పోతావు?"

బస్సులో వెనక సీటు దాకా నవ్వారు. చంద్రగిరి కోట కొండ కనబడేసరికి పెద్దమ్మ భుజం తిమ్మిరెక్కింది. తొమ్మిది దాటాక తిరుపతిలో దిగాం. ఆ ఫ్యాక్టరీ ఆమె కళ్లు నులుముకుంటూ ప్రసూతి ఆస్పత్రి వైపు ఆటో ఎక్కేసింది. మేము టీ తాగి మేడమ్ దగ్గరికి వెళ్లాం.

మేడమ్ నెమ్మదైన మనిషి. పెద్దమ్మకు కుర్చీ వేయించి, నా ప్రోటీన్ బొమ్మను తెర మీద అటూ ఇటూ తిప్పి చూశారు. దూరం కొలిచారు. "దగ్గరగానే ఉన్నాయి" అన్నారు. పెద్దమ్మ పెదవులు స్తోత్రానికి సిద్ధమయ్యాయి.

"ఈ రెండూ ఒకే అణువులోవేనా?"

అది నేను చూసుకోలేదు. నేను వాడిన ఆకారం ఫైల్లో ఒకే ప్రోటీన్ రెండు ప్రతులుగా ఉంటుంది, ఒకటి ఎ, ఇంకొకటి బి. నేను రాసిన ప్రోగ్రాం స్థానాల సంఖ్యలు చూసిందే గాని ఆ అక్షరాలు చూడలేదు. మేడమ్ ఒక ప్రతికి నీలం, రెండోదానికి పసుపు రంగు వేశారు. నలభై ఒకటి నీలంలో ఉంది. నూట పద్దెనిమిది పసుపులో ఉంది.

"ఆకారం తెలుసుకోవడానికి స్ఫటికం చేసేటప్పుడు కోట్ల అణువులు ఇరుక్కుని కూర్చుంటాయమ్మా" అన్నారు మేడమ్. "ఆ రద్దీలో పక్కదానికి ఆనుకోక ఎక్కడికి పోతాయి?"

నేను పెద్దమ్మను చూశాను. పెద్దమ్మ ఫ్యానును చూసింది.

అయితే మేడమ్ అక్కడితో కొట్టిపారేయలేదు. కొన్ని ప్రోటీన్లు నిజంగానే జంటగా పనిచేస్తాయట, అప్పుడు ఆ ఆనుడు నిజమైన బంధమే. తేల్చాలంటే అదే ప్రోటీన్‌ను వేరే విధంగా స్ఫటికం చేసిన ఇంకో ఫైల్ చూడాలి. కూర్చునే తీరు మారినా ఆనుడు మిగిలితే బంధువులు. మిగలకపోతే తోటి ప్రయాణికులు.

రెండో ఫైల్ తెరిచారు. నేను లోపల ప్రార్థన చేసుకున్నాను, పెద్దమ్మ పైకే చేసింది. నలభై ఒకటి ఒక అంచున ఉంది. నూట పద్దెనిమిది, ఏ ప్రతిలో చూసినా, దాని ముఖం చూడనంత దూరంలో ఉంది.

"మూడోది ఏమన్నా ఉండాదా అమ్మా?" అని అడిగింది పెద్దమ్మ.

మూడోదీ ఉంది. అందులోనూ రెండూ ఆనుకుని లేవు.

"ప్రతులు విడదీసి పట్టిక మొత్తం మళ్లీ చెయ్యి. వచ్చే నెల చూద్దాం" అన్నారు మేడమ్. తర్వాత మా క్యారియర్‌లోంచి నిమ్మకాయ అన్నం తిని, చట్నీ రెండోసారి వేయించుకున్నారు. ఆ రోజు మేడమ్ దగ్గర మాకు నెగ్గింది ఆ చట్నీ ఒక్కటే.

నాలుగున్నరకు తిరుగు బస్సు. ఈసారి సగం సీట్లు ఖాళీ. పెద్దమ్మ ఇద్దరి సీటులో కూర్చుంది, నేను పక్క వరసలో కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆమె ముఖం చూడలేకపోయాను. ఇన్నేళ్లలో ఆమె చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవలసి రావడం ఇదే మొదలు.

బస్సు కదలబోతుంటే పొద్దుటి మామిడి వాసన ఎక్కింది. ఆమె ఖాళీ సీట్లన్నీ దాటుకుంటూ వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చుంది. పేరు మునెమ్మ అని అప్పుడు తెలిసింది.

"ఇంత జాగా ఉండాది కదమే. ఆడ కాళ్లు సాపుకోని పండుకోరాదా?" అంది పెద్దమ్మ.

"సీటు గట్టిగా ఉంటాది అక్కా. నీ భుజమే మెత్తగా ఉండాది." తన కూతురికి నిన్న ఆడపిల్ల పుట్టిందని, మళ్లీ రాత్రి షిఫ్టుకు పోవాలని చెప్పి, చంద్రగిరి రాకముందే వాలిపోయింది.

పెద్దమ్మ కదల్లేదు. మాట్లాడలేదు. ముక్కు మీద ఈగ వాలితే ఊదింది గాని చెయ్యి ఎత్తలేదు. పూతలపట్టు దగ్గర పడుతుండగా నా వైపు తిరిగి గుసగుసగా అడిగింది.

"పాపా, మీ మేడమ్ ఏం సెప్పింది? కూసునే తీరు మారినా ఆనుకుంటే?"

"బంధువులు."

"పొద్దున బస్సు నిండా జనం. ఇప్పుడు?"

"ఖాళీ. కానీ మునెమ్మ కావాలనే వచ్చి కూర్చుంది కదా పెద్దమ్మా."

"అదే కదమే నేను సెప్పేది! పొద్దుటి బస్సు ఒకటి, ఈ బస్సు ఒకటి. ఇద్దురు సాక్షులు అయినారా లేదా?"

 బస్సు ఆగింది. పెద్దమ్మ ఆమెను లేపింది. "మునెమ్మా, రేపు ఆదివారం మా ఇంటికి అన్నానికి రా."

"కోడికూర ఉంటే వస్తా అక్కా."

"నాటుకోడే!"

ఈ దారిలో వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పొద్దుటి రద్దీలో మీ మీద వాలినవాళ్లను నమ్మకండి, కసరకండి. ఖాళీ బస్సులో ఏం చేస్తారో చూడండి. నా పట్టికను కూడా ఇప్పుడు ఆ కళ్లతోనే మళ్లీ చూస్తున్నాను.

రేపు ఆరాధనలో పెద్దమ్మ లేచి, దొంగలు చేతులు కలపలేదని ఒప్పుకుంటుంది. ఆ వెంటనే మునెమ్మ సంగతి మొదలుపెడుతుంది. చదువుతున్న మీరు కూడా నాతో కలిసి ప్రార్థించండి. వచ్చే నెల నా పట్టిక నిలబడాలని, మునెమ్మ మనవరాలు చల్లగా పెరగాలని, కోడికూర చల్లారకముందే మా పెద్దమ్మ సాక్ష్యం ముగించి కూర్చోవాలని. ఆమెన్.